చప్పట్లు కష్టానికా, కంటికా?

సాధకుడు: రెండు గిన్నెలను అడుగులు కలిపి బిగించినట్టు ఉంటుంది డయాబోలో. రెండు కర్రల మధ్య కట్టిన దారం మీద దాన్ని వేగంగా తిప్పి, దారాన్ని ఒక్కసారి బిగలాగి రెండంతస్తుల ఎత్తుకు విసురుతాడు ఒకడు. అది గాల్లో ఉండగా తన చుట్టూ తాను తిరిగి, దిగొచ్చేదాన్ని మళ్ళీ దారం మీదే అందుకుంటాడు. సభంతా ఈలలు, కేకలు. కాసేపటికి అదే మనిషి అదే దారం మీద మూడు డయాబోలోలను తల ఎత్తు దాటనివ్వకుండా ఆడిస్తాడు. మర్యాదకు నాలుగు చప్పట్లు. మొదటిది శ్రద్ధ ఉన్నవాడికి కొద్ది రోజుల్లో పట్టుబడుతుంది. రెండోదానికి ఏళ్ళు పడుతుంది. చప్పట్లు తలకిందులుగా పడుతున్నాయన్నది నా ఫిర్యాదు.

సభికుడు: చప్పట్లు పరీక్ష మార్కులైతే మీ ఫిర్యాదు సబబే. పైకి వెళ్ళిన వస్తువు దొరుకుతుందా, పడిపోతుందా అని నా ఊపిరి ఒక క్షణం ఆగింది. దొరికింది. పట్టి ఉంచిన ఊపిరి వదిలితే అదే చప్పట్లయింది. మీ మూడు డయాబోలోల ఆటలో నా ఊపిరి ఎక్కడ ఆగాలో నాకు తెలియలేదు. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో కూడా అంతు పట్టలేదు. మీరు ఆపి చేతులు చాచినప్పుడు అయిపోయిందని అర్థమై కొట్టాను. అందులో అమర్యాద ఏముంది?

సాధకుడు: ఊపిరి ఆగాల్సిన చోటు అందులో క్షణక్షణానికీ ఉందండి. దారం మీదికి ఒకటి దిగేలోపు ఇంకొకటి లేచిపోవాలి. ఏ ఒక్కటి కాస్త ఒరిగినా గిన్నెల అంచులు ఒకదానికొకటి తగిలి మొత్తం చెదిరిపోతుంది. ఒరిగినదాన్ని నిలబెట్టాలంటే ఒక కర్ర ముందుకు, రెండోది వెనక్కు జరగాలి. అది కూడా మిగతా రెండింటి లయ చెడకుండా జరగాలి. ఆ సవరింపు ఎవరి కంటా పడదు. బాగా చేసేవాడి చేతుల్లో అసలే పడదు. ఎంత బాగా చేస్తే అంత తేలికగా కనిపించే పని ఇది. ఏళ్ళ తరబడి కూడబెట్టిన నేర్పు చివరికి అడవి గాచిన వెన్నెల అవుతుంటే బాధగా ఉండదా?

సభికుడు: ఉంటుంది. కానీ మీ బాధ నా అప్పు ఎలా అవుతుంది? మీరు పడ్డ శ్రమను బట్టి నేను ఆనందించాలంటే, ఆట మొదలవక ముందే మీ సాధన రోజుల పట్టిక నాకు చదివి వినిపించాలి.

సాధకుడు: పట్టిక అక్కర్లేదు, చిన్న లెక్క చాలు. బంతులాట తీసుకుందాం. దీని మూలసూత్రాన్ని రాసినవాడు క్లాడ్ షానన్. సమాచార సిద్ధాంతానికి పునాది వేసిన ఆ గణితవేత్త స్వయంగా బంతులాడేవాడు, బంతులాడే యంత్రం కూడా కట్టాడు. ఒక్కో చేయి 0.45 సెకనుకు ఒక బంతి చొప్పున విసురుతోందనీ, ప్రతి బంతీ 0.3 సెకను చేతిలో ఉంటుందనీ అనుకోండి. మూడు బంతులైతే ఒక్కొక్కటి 17 సెంటీమీటర్లు లేస్తే చాలు. ఐదింటికి 83 సెంటీమీటర్లు కావాలి. ఏడింటికి దాదాపు 2 మీటర్లు. మూడు నుంచి ఏడుకు వెళ్తే బంతులు రెండింతల కంటే కాస్త ఎక్కువ, ఎత్తు మాత్రం పన్నెండింతల దాకా. ఇప్పుడు విసురు పక్కకు ఒక్క డిగ్రీ తప్పిందనుకుందాం. మూడు బంతుల ఆటలో ఆ బంతి సెంటీమీటరు పక్కగా దిగుతుంది, ఉన్న చోటే దొరికిపోతుంది. ఐదింటిలో 6 సెంటీమీటర్లు. ఏడింటిలో 14 సెంటీమీటర్లు. చేయి పక్కకు వెళ్ళి దాన్ని అందుకోవాలి. వెళ్తే తర్వాతి విసురు వంకరపోతుంది. ఒకే డిగ్రీ తప్పు, మూడు రకాల శిక్షలు.

సభికుడు: లెక్క బాగుంది. విన్నాక ఏడు బంతులవాడి మీద గౌరవం కూడా పెరిగింది. కానీ ఆ గౌరవం మీ లెక్క వల్ల వచ్చింది, ఆట వల్ల రాలేదు. లెక్కపెట్టకుండా ఒక్క చూపులో మనిషి కన్ను పోల్చుకోగలిగేది నాలుగు వస్తువుల దాకానేనని మనస్తత్వ శాస్త్రం ఎప్పుడో తేల్చింది. అదీ కదలకుండా ఉన్న చుక్కల సంగతి. గాల్లో తిరుగుతుంటే ఐదు దాటాక నాకు అన్నీ బోలెడు బంతులే. ఐదుకూ ఏడుకూ మధ్య మీకు ఏళ్ళ దూరం ఉంది, నా కంటికి అసలు దూరమే లేదు. కన్ను చేసే పనికి నా మీద కోపగించుకుంటే ఎలా?

సాధకుడు: కంటి మీద కోపం లేదు. లెక్క రాని కన్ను లెక్క తప్పితే క్షమించవచ్చు. భయానికి లొంగే కన్ను మీదే నా కోపం. మూడు కాగడాలు వెలిగించి ఎగరేస్తే జనం ఊగిపోతారు. కాగడాకు మంట ఒక చివర, పిడి ఇంకో చివర. గాల్లో ఒక చుట్టు తిరిగి పిడి చేతికొచ్చేలా విసరడం మామూలు క్లబ్బులు, అంటే సీసా ఆకారపు కర్రలు, ఆడించే విద్యే. కత్తులదీ అదే దారి. చాలామంది వాడే కత్తులకు అంచు మొద్దుగా ఉంటుంది. లండన్ కోవెంట్ గార్డెన్ లాంటి చోట్ల వీధి ఆటగాళ్ళను గమనించండి. ముగింపుకు ఎత్తైన ఒంటిచక్రం సైకిలు ఎక్కుతారు, నిప్పో కత్తులో అందుకుంటారు, తర్వాత టోపీ తిప్పుతారు. ఐదు క్లబ్బులు శుభ్రంగా ఆడించినా రాని డబ్బు మూడు కత్తులకు వస్తుంది. రేపు నేర్చుకోబోయే కుర్రవాడు దేన్ని సాధన చేస్తాడు? చప్పట్లు అభినందనతో ఆగవండీ, ఏ విద్య బతకాలో కూడా అవే తేలుస్తాయి.

సభికుడు: ఆ చివరి మాటకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. నేను కొట్టే చప్పట్లు ఎవరి సాధననో మళ్ళిస్తాయని ఇంతవరకు ఆలోచించలేదు. మొద్దు కత్తిని పదునైనదని నమ్మించడం మోసమే, దాన్నీ ఒప్పుకుంటాను. అయితే టోపీ మాట మీరే తెచ్చారు కాబట్టి అడుగుతాను. వీధిలో టికెట్టు లేదు, తలుపు లేదు. ఏ క్షణంలోనైనా జనం తమ దారిన తాము పోవచ్చు. బజారుకు వచ్చిన మనుషులను అరగంట నిలబెట్టి, నవ్వించి, చివరికి వాళ్ళంతట వాళ్ళు జేబులో చేయి పెట్టేలా చేయడం కష్టం కాదా? మీ కష్టాల జాబితాలో విసరడం ఉంది, పట్టడం ఉంది. జనాన్ని పట్టడం ఎందుకు లేదు?

సాధకుడు: అది వేరే విద్య. దానికి వేరే మెప్పు ఇవ్వండి, అభ్యంతరం లేదు. దాని మెప్పును తీసుకొచ్చి కత్తుల ఖాతాలో వేయకండి.

సభికుడు: విడదీయగలమా? 2006లో జరిగింది గుర్తు చేస్తాను. క్రిస్ బ్లిస్ అనే అమెరికన్ హాస్యనటుడు బీటిల్స్ పాటల వరుసకు మూడే మూడు బంతులు ఆడించిన వీడియో ఇంటర్నెట్‌లో ప్రపంచమంతా తిరిగింది. డ్రమ్ము దెబ్బ పడే చోట బంతి చేతిలో పడుతుంది, పాట పైకి లేచే చోట బంతి లేస్తుంది. జనం మళ్ళీ మళ్ళీ చూశారు. ఒళ్ళుమండిన జేసన్ గార్ఫీల్డ్ అనే జగ్లర్ అదే పాటలకు ఐదు బంతులతో ఆడి, ఎగతాళిగా ఇంకో వీడియో పెట్టాడు. అది సాంకేతికంగా చాలా కష్టమైనది, సందేహం లేదు. అయినా పాట వినగానే జనానికి గుర్తొచ్చేది మొదటిదే.

సాధకుడు: గార్ఫీల్డ్ ఎగతాళి నాకూ నచ్చలేదు. కానీ ఎగతాళి తీసేసి ప్రశ్నను చూడండి. బ్లిస్ వాడిన విన్యాసాలు చాలామంది జగ్లర్లకు వచ్చినవే. వాళ్ళను కలచివేసింది ఆయన గెలుపు కాదు, ఆ వీడియో పంపిస్తూ స్నేహితులు రాసిన మాట: ప్రపంచంలో ఇంతకు మించిన జగ్లర్ లేడట! పాటకు తగినట్టు హృద్యంగా ఆడాడు అని ఉంటే ఎవరికీ పేచీ ఉండేది కాదు. నచ్చింది అనడానికీ గొప్పది అనడానికీ మధ్య గీత చెరిగిపోయినప్పుడే పేచీ. మీకు ఇష్టమైనది ఇష్టపడండి. కానీ ఇష్టాన్ని కొలబద్దగా చేసి, కొలవడం తెలిసినవాళ్ళ నోరు మూయించకండి.

సభికుడు: ఆ గీత నిజమే. దాన్ని మేం చెరిపేస్తామన్నదీ నిజమే. అయితే మీరు దాన్ని ఇంకో వైపు నుంచి చెరిపేస్తారు. కష్టమైనది కాబట్టి గొప్పది అంటారు. అతి వేగంగా ఆడినంత మాత్రాన, అతి ఎక్కువ బంతులు ఆడినంత మాత్రాన అది అందంగా ఉండాలని ఏముంది? బ్లిస్ చేతిలో పాటకూ బంతికీ పెళ్ళి జరిగింది. బంతుల సంఖ్య రెండు పెరగగానే బంతికి ఎత్తు కావాలి, ఎత్తుకు సమయం కావాలి, మీ లెక్కే చెప్పింది కదా. ఆ సమయాన్ని పాట దెబ్బతో ముడిపెట్టే స్వేచ్ఛ తగ్గిపోతుంది. తేలికైన విన్యాసంలో మాత్రమే దొరికే సౌందర్యం ఒకటుంది. దాన్ని తేలిక అని తీసిపారేస్తే నష్టం మీకే.

సాధకుడు: ఈ మాట నాకు నచ్చింది, నచ్చకపోయినా ఒప్పుకోక తప్పదు. మూడు బంతుల్లో ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీలోనే శరీరానికి చోటుంది, నవ్వుకు చోటుంది. ఏడింటిలో ఆటగాడు పూర్తిగా బంతులకు బానిస. కానీ ఆ బానిసత్వాన్ని కూడా జయించినవాళ్ళు ఉన్నారు. ఆంథొనీ గాటో పేరు చెబుతాను. ఏడు క్లబ్బులను కులాసాగా తిప్పగలిగిన మనిషి. 2000లో మాంటే కార్లో సర్కస్ ఉత్సవంలో గోల్డెన్ క్లౌన్ బహుమతి గెలిచాడు. తర్వాత సర్క్ దు సోలే అనే సర్కస్ బృందంలో ఆడాడు. ఈ విద్యలో అందరికంటే పైవాడని తోటివాళ్ళలో ఎందరో ఒప్పుకున్నవాడు. అలాంటివాడు రంగస్థలం వదిలేసి ఫ్లోరిడాలో కాంక్రీటు పనుల వ్యాపారం పెట్టుకున్నాడు. ఎందుకు వదిలాడన్నది ఆయన సొంత విషయం, నేను కారణం అంటగట్టను. నేను అడిగేది ఒక్కటే: ఆయన పేరు మీరు ఇంతకుముందు విన్నారా?

సభికుడు: వినలేదు. విననందుకు సిగ్గుపడమంటే కొంచెం పడతాను. కానీ మీ వాదానికి ఎదురుగా నిలబడే మనిషి కూడా మీ చరిత్రలోనే ఉన్నాడు. ఎన్రికో రాస్టెల్లి. 1896లో రష్యాలోని సమారాలో సర్కస్ కుటుంబంలో పుట్టిన ఇటాలియన్. 1931లో, ముప్పై అయిదేళ్ళు నిండకుండానే పోయాడు. చిన్న బంతులు పది దాకా ఆడించగలిగిన ఆ మనిషి జనం ముందు ఏం చేశాడు? ఫుట్‌బాల్ అంత పెద్ద బంతులు తీసుకున్నాడు. ఒక బంతిని సభలోకి విసిరి, ఎవరో ఒకరు తిరిగి విసిరితే దాన్ని నోట కరిచిన కర్ర చివర ఆపేవాడు. బంతి తమలో ఒకరి చేతిలో నుంచి పోయింది కాబట్టి అది ఎంత కష్టమో జనానికి తెలిసింది. అందులో దిగజారుడు ఎక్కడుంది? ఎక్కడో ఉన్న కష్టాన్ని తీసుకొచ్చి సభ ఒళ్ళో పెట్టాడు.

సాధకుడు: రాస్టెల్లిని కాదనే ధైర్యం ఏ జగ్లర్‌కీ ఉండదు. కానీ ఆయన దారిలో నడుస్తున్నామని చెప్పుకుంటూ చాలామంది వేరే సందులోకి తిరిగారు. కావాలని వదిలేయడం అనే సందు. మొదటిసారి కావాలనే బంతి పడేస్తారు, రెండోసారీ పడేస్తారు, ముఖం తుడుచుకుంటారు, మూడోసారి పట్టేస్తారు. చప్పట్ల వాన. నిజానికి ఆ విన్యాసం వాళ్ళకు నిద్రలో కూడా తప్పదు. నిజంగా కష్టమైనది చేసి నిజంగానే ఒక బంతి జార్చిన వాడికి జాలి చూపులు, తేలికైనది చేసి దొంగగా జార్చినవాడికి జేజేలు. దీన్ని కూడా సభ ఒళ్ళో పెట్టడమే అంటారా?

సభికుడు: డబ్ల్యూ.సీ. ఫీల్డ్స్ సంగతి చూద్దాం. సినిమా హాస్యనటుడిగా పేరు పొందకముందు ఆయన పేరున్న జగ్లర్. జారిపోబోయిన బంతిని చివరి క్షణంలో పట్టడం, జారిపోయినదానికి పక్కనున్నవాణ్ణి కసురుకోవడం, ఇవన్నీ ఆయన ఆటలో భాగం. 1934 నాటి 'ది ఓల్డ్ ఫ్యాషన్డ్ వే' సినిమాలో ఆయన బంతులు, చుట్టల పెట్టెలు ఆడించడం ఇప్పటికీ చూడవచ్చు. తప్పినట్టు చేసి తప్పకుండా పట్టడం ఉత్త విసురు కన్నా కష్టం. అక్కడ దొంగ తప్పు హాస్యం కోసం, అది నటన అని సభకూ తెలుసు. మీరు చెప్పిన ముఖం తుడుచుకునేవాడు తన తప్పును నిజమని నమ్మిస్తున్నాడు. మొదటివాణ్ణి మెచ్చుకుంటాను, రెండోవాడి విషయంలో మీ పక్షమే.

సాధకుడు: అలాగైతే మనిద్దరికీ ఒక గీత కుదిరింది. కష్టాన్ని చూపించడం సరే, లేని కష్టాన్ని అమ్మడం సరికాదు.

సభికుడు: కుదిరింది. ఇప్పుడు నా పక్షాన రెండు వందల ఏళ్ళ కిందటి సభికుణ్ణి ఒకణ్ణి పిలుస్తాను. విలియం హాజ్‌లిట్, ఇంగ్లీషు వ్యాసకర్త. మన దేశం నుంచి లండన్ వెళ్ళిన బృందం ఆట చూసి 'ది ఇండియన్ జగ్లర్స్' అనే వ్యాసం రాశాడు. 1821లో 'టేబుల్ టాక్' సంపుటిలో వచ్చింది. తెల్లబట్టలతో, తలపాగాతో నేల మీద కూర్చున్న మనిషి నాలుగు ఇత్తడి బంతులను ఒకేసారి ఆడిస్తుంటే, జన్మంతా ధారపోసినా మనలో ఎవరివల్లా కాని పని ఇదని ఆయన గ్రహించాడు. తాను రాసినదాంట్లో ఇంత దోషం లేనిది ఏముందని తనను తాను నిలదీసుకున్నాడు. అదే ఆటలోని కత్తి మింగడాన్ని మాత్రం పోలీసులు ఆపించాలన్నాడు. ప్రమాదాన్ని పక్కకు నెట్టి నేర్పుకు దండం పెట్టిన సభికుడు! మా జాతిని మరీ అంత తీసిపారేయకండి.

సాధకుడు: దండం స్వీకరించాను. కానీ ఆ వ్యాసం చివరిదాకా చదవండి. చేతి నేర్పు ఎంత దోషరహితమైనా అది గొప్పతనానికి ఒక మెట్టు కిందేనని ఆయనే తేలుస్తాడు. ఆ బంతులాడినది రామస్వామి అని, అంటే ఇంగ్లండ్ రామో సామీ అని పిలిచిన మనిషి అని చాలామంది భావిస్తారు. దశాబ్దాలపాటు అక్కడే ఆడిన ఆ రామో సామీ 1850లో లండన్‌లో పేదరికంలో చనిపోయాడు. తెలిసిన సభికుడు ఒక్కడుంటే వ్యాసం పుడుతుంది. ఆటగాడి ఇల్లు గడవాలంటే తెలిసిన సభ ఉండాలి. అలాంటి సభ తయారవుతుందని నేను నమ్ముతాను. మన తెలుగువాళ్ళకు అది కొత్త కాదు కదా! అష్టావధానం చూడండి. ఛందస్సు తెలియనివాళ్ళు కూడా నిషిద్ధాక్షరి పద్యం పూర్తికాగానే కరతాళ ధ్వనులు చేస్తారు. కష్టాన్ని కష్టంగా గుర్తించే సభ అది.

సభికుడు: మంచి సాక్ష్యమే, కానీ అది నా వైపు కూడా మాట్లాడుతుంది. నిషిద్ధాక్షరిలో అవధాని ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏ అక్షరం రాకూడదో పృచ్ఛకుడు అందరికీ వినబడేలా చెబుతాడు. దారి మూసుకుపోవడం సభ చెవులారా వింటుంది. అవధాని ఇంకో దారి తీసినప్పుడు ఆ మలుపూ తెలుస్తుంది. ఛందస్సు రాకపోయినా ఊపిరి ఎక్కడ ఆగాలో తెలిసింది. ఆ ఏర్పాటు చేసింది సభ కాదండీ, ఆ విద్యను తీర్చిదిద్దినవాళ్ళు. ఇంకొకటి, అదే సభలో అందరికంటే ఎక్కువ నవ్వులు, చప్పట్లు దండుకునేది అప్రస్తుత ప్రసంగం. ఆ చమత్కారాన్ని ఏ అవధానీ సభ బలహీనతగా చూడడు. దాన్ని ఆటలో కలుపుకున్నాడు.

సాధకుడు: మీరన్నది ఆలోచించదగినది. నాకు వెంటనే కొంగ్‌ఝు గుర్తొచ్చింది. డయాబోలోకు తల్లి చైనా వాళ్ళ కొంగ్‌ఝు. దాన్ని ఆడించే విద్య 2006లో చైనా జాతీయ వారసత్వ జాబితాలోకి కూడా చేరింది. పాత వెదురు కొంగ్‌ఝుకు పక్కల సన్నని చీలికలు ఉంటాయి. వేగం పెరిగేకొద్దీ అది గుయ్యిమని పాడుతుంది. కళ్ళు మూసుకున్నా దాని వేగం తెలుస్తుంది, తడబాటు తెలుస్తుంది. ఐరోపా తీసుకెళ్ళి రబ్బరు, ప్లాస్టిక్కు గిన్నెలు పెట్టాక ఆ గొంతు పోయింది. ఇప్పుడు తిరుగుడు కోసం లోపల బేరింగు కూడా వచ్చింది. మా పని సులువైంది, మీ చెవికి అందే ఆధారం ఒకటి తెగిపోయింది. మీ నిషిద్ధాక్షరి పృచ్ఛకుడి గొంతు లాంటిదే మా వస్తువులో ఉండేది, మేమే పోగొట్టుకున్నాం.

సభికుడు: బీజింగ్ పార్కుల్లో పొద్దున్నే పెద్దవాళ్ళు కొంగ్‌ఝు ఆడటం, తైవాన్ బడుల్లో పిల్లలు నేర్చుకోవడం విన్నాను. అలాంటి చోట సభ వేరుగా ఉంటుంది. చూసేవాళ్ళ చేతులు ఎప్పుడో ఒకప్పుడు ఆ దారం పట్టినవే. మూడు డయాబోలోలు కనబడగానే వాళ్ళ మణికట్టే చెబుతుంది అది ఎంత కష్టమో. మాకు ఆ మణికట్టు లేదు. అందుకే 1996లో సర్క్ దు సోలే 'క్విడామ్' ప్రదర్శనలో నలుగురు చైనా అమ్మాయిలతో డయాబోలో ఆడించినప్పుడు, ఎగరేసినవి ఒకరివి ఒకరు అందుకుంటూ పిల్లిమొగ్గలు కూడా వేయించారు. తైవాన్ పిల్లవాడికి అవసరం లేని మెట్లు అవి, మాకు అవసరం.

సాధకుడు: మెట్లు కట్టండి, వద్దనను. కానీ మెట్లు కట్టలేని విన్యాసాలు కూడా ఉంటాయి. విసురుల ఎత్తులను అంకెలతో రాసుకునే సైట్‌స్వాప్ అనే పద్ధతి 1980లలో వచ్చింది. దానితో ఐదు బంతుల్లోనే 645, 744 లాంటి వరుసలు వచ్చాయి. మాకు రెండు వేర్వేరు ఊళ్ళు. మీకు రెండూ ఒకటే కలగాపులగం. అదే పద్ధతిలో 97531 అనే వరుస ఉంది. అందులో బంతులు వేర్వేరు ఎత్తులకు వెళ్ళినా అన్నీ ఒకే క్షణంలో తమ తమ శిఖరాలకు చేరతాయి. ఒక్క క్షణం అవి ఒకదాని కింద ఒకటి వరుసగా గాల్లో ఆగినట్టు కనిపిస్తాయి. దాన్ని ఎవరైనా చూడగలరు. మీ దారి ప్రకారం నేను 97531నే ఉంచుకుని 645ను వదిలేయాలి. వదిలేస్తే 645 ఎక్కడ బతుకుతుంది?

సభికుడు: మీ వాళ్ళ మధ్యనే. తప్పేముంది? అమెరికాలో 1947లోనే జగ్లర్ల సంఘం పెట్టుకున్నారు. ఏటా పండుగలు జరుపుకుంటారు. గార్ఫీల్డ్ అయితే కష్టానికి మార్కులు వేసే పోటీలే పెట్టాడు. 645కు అక్కడ చప్పట్లు దొరుకుతాయి. అన్ని విద్యలకూ పండితసభ ఒకటి, జనసభ ఒకటి ఉంటాయి.

సాధకుడు: ఆ పండితసభ గురించి మీకు తెలియనిది నేను చెప్పాలి. మా సభకూ కళ్ళజోడు ఉంది. అంకె పెరిగితే లేచి నిలబడతాం. 2017లో అలెక్స్ బ్యారన్ 14 బంతులు ఎగరేసి ఒక్కొక్కటి ఒక్కసారి పట్టాడు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. ఆ వీడియో ముందు మేం నోరు తెరుచుకుని కూర్చుంటాం. అదే మైకేల్ మోషెన్ చెక్క త్రిభుజం లోపల నిలబడి దాని గోడలకు బంతులు కొడుతూ సంగీతం పుట్టిస్తే, ఇందులో ఎన్ని బంతులు అని మొదట అడిగేవాళ్ళు మాలో ఉన్నారు. 1986 నాటి 'ల్యాబిరింత్' సినిమాలో గాజు గోళాలు ఆడించిన చేతులు ఆయనవే. 1990లో ఆయనకు మెకార్థర్ ఫెలోషిప్ వచ్చింది. ఆయన విలువ బయటివాళ్ళే ముందు పట్టుకున్నారేమోనని నాకు అనుమానం. మీరు భయానికి లొంగితే మేం అంకెకు లొంగుతాం.

సభికుడు: ఆ ఒక్క మాటతో నా వాదం గెలిచిందని నేను ఎగిరి గంతేయను. మోషెన్‌ను బయటివాళ్ళు మెచ్చారన్నది నిజమే అయినా, మూడు డయాబోలోలవాడిని బయటివాళ్ళు మెచ్చలేదన్నది అలాగే ఉంది. మోషెన్ కష్టాన్ని దాచి అందాన్ని చూపాడు, ఆయనకు ఆ వరం ఉంది. కష్టం తప్ప ఇంకేమీ లేని సాధకుడు ఉంటాడు కదా, పొద్దున్నుంచి రాత్రి దాకా విసిరి, పట్టి, ఏరుకుని, మళ్ళీ విసిరేవాడు. వాడికి నేనేం బాకీ? ఇంతసేపూ ఏమీ లేదన్నాను. ఇప్పుడు అంత గట్టిగా అనలేకపోతున్నాను. అలాగని అర్థం కానిదానికి అర్థమైనట్టు కొడితే అది కూడా దొంగ చప్పట్లే అవుతుంది.

సాధకుడు: దొంగ చప్పట్లు నాకూ వద్దు. జాలి చప్పట్లు అసలే వద్దు. చూపు మాత్రం కావాలి. ఈసారి ఎవరైనా బంతులాడుతుంటే కాసేపు బంతుల్ని వదిలేసి చేతుల్ని చూడండి. చేతులు రెండూ నడుము దగ్గర ఒకే చోట, ఒకే లయలో కదులుతుంటే విసురు సూటిగా ఉందని అర్థం. చేతులు పక్కలకు పరుగెడుతుంటే ఆ మనిషి తప్పుల్ని తరుముతున్నాడని అర్థం. డయాబోలో అయితే కర్రల చివరలు చూడండి, ఒరిగినదాన్ని నిలబెట్టడం అక్కడ కనిపిస్తుంది. కాగడాలైతే పిడి ఎటువైపు ఉందో చూడండి. బంతి పడిపోతే ఎవరూ చూడలేదన్నట్టు తల తిప్పుకోకండి, తర్వాతి ప్రయత్నం కోసం ఆగండి. ఇవన్నీ చూశాక కూడా మీకు కత్తులే నచ్చితే కత్తులకే కొట్టండి. అప్పుడు నాకు ఫిర్యాదు ఉండదు.